రంగు కుదిరింది, గొలుసు కుదరలేదు: ఒక డీపీపీ పాలిమర్ కేస్ స్టడీ

నేపథ్యం

ఈ కేసు మా దగ్గరికి బయటి నుంచి వచ్చింది. పాలిమర్‌ను తయారుచేసింది వేరే ప్రయోగశాల. లోపం ఎక్కడుందో వెతకడం, ఆ తరువాత వాళ్లతో కలిసి తయారీని మళ్లీ చేయించడం మా వంతు పని. సంస్థను, వ్యక్తులను, కాలాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను. నేర్చుకోవలసినదంతా రసాయన వివరాల్లోనే ఉంది కాబట్టి వాటిని మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను.

పదార్థం డైకీటోపిర్రోలోపిర్రోల్ ఆధారిత పాలిమర్. ల్యాబుల్లో అందరూ దీన్ని డీపీపీ అనే అంటారు. రెండు పిర్రోల్ వలయాలు ఒక అంచును పంచుకుని, ఒక్కొక్కటీ ఒక లాక్టమ్‌గా (నైట్రోజన్ పక్కనే కార్బొనైల్ ఉన్న వలయంగా) ఉండే నిర్మాణం ఇది. 1974లో ఫార్నమ్, ఆయన సహచరులు బెంజోనైట్రైల్‌నూ ఇథైల్ బ్రోమోఎసిటేట్‌నూ జింక్‌తో చర్య జరిపి మరో రకం వలయం చేయబోతే, అతి తక్కువ దిగుబడితో ఈ ఎర్రటి పదార్థం చేతికొచ్చింది. సీబా-గైగీ సంస్థ రసాయన శాస్త్రవేత్తలు ఆ తరువాత నైట్రైల్‌నూ సక్సినిక్ ఎస్టర్‌నూ క్షారంలో కలిపే మార్గం కనిపెట్టి మంచి దిగుబడి సాధించారు. 1980లలో పిగ్మెంట్ రెడ్ 254గా మార్కెట్లోకి వచ్చిన ఈ రంగు కార్ల పెయింట్లలో స్థిరపడిపోయింది. ఎండకు వెలవకపోవడం, ద్రావకంలో కరగకపోవడం దాని గొప్పలు. పక్కపక్క అణువుల ఎన్-హెచ్‌లకూ కార్బొనైల్ ఆక్సిజన్లకూ మధ్య ఉండే హైడ్రోజన్ బంధాలే ఈ కరగనితనానికి ముఖ్య కారణం.

పెయింట్‌కు గొప్ప అయిన ఆ గుణమే పాలిమర్ చేసేవాడికి అడ్డంకి, కరగని దానితో గొలుసు కట్టలేం. అందుకని ముందుగా రెండు నైట్రోజన్ల మీదా పొడవాటి ఆల్కైల్ గుంపులు తగిలించి హైడ్రోజన్ బంధాలను తెంచుతారు. తరువాత రెండు చివరలా బ్రోమిన్ పెట్టి, పెల్లాడియం ఉత్ప్రేరకంతో మరో వలయంతో జతచేస్తూ గొలుసు పెంచుతారు. 2000 ప్రాంతంలో కొలోన్ విశ్వవిద్యాలయంలో టీకె బృందం సుజుకి చర్యతో, అంటే బ్రోమిన్ ఉన్న అణువును బోరాన్ ఉన్న అణువుతో జతచేస్తూ, ఈ పద్ధతిలో ఫినైల్ డీపీపీ పాలిమర్లు చేసింది. అవి ఎర్రగా ఉండి, ద్రావణంలో మిలమిలా మెరిసే ఫ్లోరోసెంట్ పదార్థాలు. ఫినైల్ స్థానంలో థయోఫీన్ వచ్చాక కథ మారింది. ఫినైల్ వలయం డీపీపీ తలం నుంచి మెలితిరిగి ఉంటుంది. థయోఫీన్ అయితే చదునుగా పడుకుంటుంది, దాని మూడో స్థానంలోని హైడ్రోజన్ పక్కనున్న కార్బొనైల్ ఆక్సిజన్ వైపు లాగబడుతుంది. గొలుసంతా చదును కావడంతో శోషణ ఎరుపును దాటి సమీప పరారుణంలోకి జరిగింది. ట్రాన్సిస్టర్లలో, సౌర ఘటాల్లో, కాంతి శోధకాల్లో ఈ పాలిమర్లకు గిరాకీ మొదలైంది అక్కడే.

ఈ కేసులోని పాలిమర్‌లో రెండు థయోఫీన్లున్న డీపీపీ, థైనోథయోఫీన్ (అంచు పంచుకున్న రెండు థయోఫీన్ వలయాలు) ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. డీపీపీకి రెండు చివరలా బ్రోమిన్, థైనోథయోఫీన్‌కు రెండు చివరలా టిన్ ఉన్న మోనోమర్లను (గొలుసు కట్టే చిన్న అణువులను) జతచేసి దీన్ని కట్టారు. నైట్రోజన్ల మీద 2-ఆక్టైల్‌డోడెసైల్ గుంపులున్నాయి. పునరావృత యూనిట్ అణుభారం 998, అంటే లెక్కల కోసం వెయ్యి అనుకోవచ్చు. గొలుసు పొడవు గురించి మాట్లాడేటప్పుడు ఈ వెయ్యి చాలా పనికొస్తుంది: పన్నెండు వేల అణుభారమంటే పన్నెండు యూనిట్లు, అంతే.

వచ్చిన సమస్య

తయారుచేసిన పరిశోధకురాలు రంగుల రసాయనంలో మంచి శిక్షణ ఉన్న మనిషి. ఆమె తెచ్చిన ఫైలులో అన్నీ సవ్యంగానే కనిపించాయి. ద్రావణం ముదురు ఆకుపచ్చ, శోషణ శిఖరం 800 నానోమీటర్ల దగ్గర, సాహిత్యంలో ఇలాంటి పాలిమర్లకు చెప్పిన చోటే ఉంది. క్లోరోఫామ్‌లో గది ఉష్ణోగ్రతకు కాస్త పైన తీసిన జీపీసీ (ద్రావణంలోని అణువులను పరిమాణాన్ని బట్టి వేరుచేసే కొలత) ప్రకారం సంఖ్యా సగటు అణుభారం లక్ష దాటింది. దిగుబడి బాగుంది. కానీ పరికరాలు చేసే బృందం మాత్రం పదార్థాన్ని తిప్పి పంపింది: స్పిన్ కోటింగ్ (గిర్రున తిప్పుతూ ద్రావణాన్ని పరచడం) చేసిన పొర ఆరగానే సన్నటి పగుళ్లు దేరుతోంది, ట్రాన్సిస్టర్‌లో ఆవేశాల చలనశీలత ఆశించినదానికి దరిదాపుల్లో లేదు, పైగా బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ పొంతన లేదు.

"రంగు కరెక్ట్‌గా వచ్చింది సార్, జీపీసీ లక్ష చూపిస్తోంది. లోపం వాళ్ల కోటింగ్‌లోనే ఉండుంటుంది" అన్నది ఆమె వాదన. అందులో తర్కం లేకపోలేదు. సాధారణ రంగుల్లో శోషణ శిఖరం సరిగ్గా ఉండి, దాని వెడల్పు, ఎత్తు సరిపోతే అణువు సరైనదేనని ధైర్యంగా చెప్పవచ్చు. కేసు మొత్తం ఈ అలవాటు చుట్టూనే తిరిగింది.

అనుమానాలు మూడు: పొర వేసే విధానం, పాలిమర్‌లో మిగిలిపోయిన పెల్లాడియం, గొలుసు పొడవు. మొదటిదాన్ని పరికరాల బృందం అప్పటికే చాలావరకు తోసిపుచ్చింది. ద్రావకం మార్చారు, వేడిచేసే ఉష్ణోగ్రత మార్చారు, పగుళ్లు పోలేదు. అదే యంత్రం మీద వేరే పాలిమర్ చక్కటి పొర ఇచ్చింది. రెండోదానికి పరీక్ష తేలిక కాబట్టి ముందు అదే చేశాం: పాలిమర్ ద్రావణాన్ని సోడియం డైఇథైల్‌డైథయోకార్బమేట్ నీటి ద్రావణంతో కలియబెట్టి లోహాన్ని తీసేసి మళ్లీ అవక్షేపం చేశాం. పొర అలాగే పగిలింది. లోహం వల్ల విద్యుత్ గుణాలు చెడవచ్చు గానీ పొర పెళుసుబారడానికి అది కారణం కాదని ముందే అనుకున్నా, తోసిపుచ్చడానికి ఆధారం చేతిలో ఉండటం మంచిది.

ఇక మిగిలింది గొలుసు పొడవు. పొర పెళుసుగా ఉండటం అంటే గొలుసులు ఒకదానితో ఒకటి పెనవేసుకోనంత పొట్టిగా ఉన్నాయనడానికి మామూలు గుర్తు. చలనశీలత పడిపోవడానికీ అదే సరిపోతుంది: పొరలో చిన్న చిన్న క్రమబద్ధ ప్రాంతాలుంటాయి, ఒక ప్రాంతం నుంచి ఇంకో ప్రాంతానికి ఆవేశాన్ని చేరవేసేది రెండింటిలోనూ కాలు పెట్టిన పొడవాటి గొలుసులు. అవి లేకపోతే ప్రతి సరిహద్దు దగ్గరా ఆవేశం ఆగిపోతుంది. ఈ అనుమానానికి ఎదురుగా నిలబడింది ఒక్కటే, లక్ష అని చెబుతున్న జీపీసీ.

లక్ష ఎక్కడి నుంచి వచ్చింది

జీపీసీ అణువు బరువును తూచదు, ద్రావణంలో అది ఆక్రమించిన పరిమాణాన్ని బట్టి వేరుచేస్తుంది. చదునైన డీపీపీ గొలుసులు చల్లటి ద్రావకంలో ఒకదాని మీద ఒకటి పేరుకుని కట్టలుగా తిరుగుతాయి, యంత్రం ఆ కట్టనే ఒక అణువుగా లెక్కేస్తుంది. ఇక్కడ అలా జరిగిందో లేదో తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. పాలిమర్‌ను డైక్లోరోబెంజీన్‌లో బాగా పలచగా కరిగించి, క్యూవెట్‌ను (ద్రావణం పోసే చిన్న పారదర్శక పాత్రను) నెమ్మదిగా వేడిచేస్తూ శోషణ పటం తీశాం. మొదట 800 దగ్గర పదునైన శిఖరం, దానికి ఎడమపక్క భుజంలాంటి చిన్న శిఖరం ఉన్నాయి. వేడి పెరిగేకొద్దీ పెద్ద శిఖరం కుంగుతూ తక్కువ తరంగదైర్ఘ్యం వైపు జరిగింది. చల్లార్చగానే మళ్లీ లేచింది. కట్టలు విడిపోయి మళ్లీ కట్టుకుంటున్నాయన్నమాట.

కట్టలు విడిపోయే స్థితిలో కొలవాలి కాబట్టి నమూనాను 140 డిగ్రీల దగ్గర ట్రైక్లోరోబెంజీన్‌తో నడిచే జీపీసీకి పంపించాం. ఫలితం పన్నెండు వేల దగ్గర తేలింది. పోల్చడానికి వాడే ప్రామాణిక పాలీస్టైరీన్ మెత్తటి గొలుసు, మనది బిరుసు గొలుసు. బిరుసు గొలుసు అదే బరువుకు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఆ పన్నెండు వేలు కూడా కాస్త ఎక్కువగా చెప్పినట్టే. లక్ష అనుకున్న గొలుసులో నిజానికి పట్టుమని పన్నెండు యూనిట్లు లేవు.

మరి రంగు ఎలా కుదిరింది? సంయుగ్మ పాలిమర్లలో (ఏక, ద్వి బంధాలు మార్చి మార్చి వచ్చే గొలుసుల్లో) ఎలక్ట్రాన్లు గొలుసు పొడవునా పరుచుకోవు. కొన్ని యూనిట్ల తరువాత ఎక్కడో ఒక మెలిక వచ్చి ఆ విస్తరణ తెగిపోతుంది. అందువల్ల గొలుసు మొదట్లో పెరిగేటప్పుడు శోషణ గబగబా ఎరుపు వైపు జరిగి, కొన్ని యూనిట్లకే దాదాపు ఆగిపోతుంది. అక్కడి నుంచి గొలుసు పన్నెండు యూనిట్లున్నా వంద యూనిట్లున్నా ద్రావణం రంగు ఒక్కటే. దీన్ని ఆమెకు మాటల్లో చెప్పడం కన్నా చూపించడం మేలనిపించింది. సాక్స్‌లెట్‌లో (మరిగే ద్రావకంతో పదేపదే కడిగే పరికరంలో) పాలిమర్‌ను మెథనాల్, ఎసిటోన్, హెక్సేన్, క్లోరోఫామ్ వరసలో కడుగుతారు. పొట్టి గొలుసులు హెక్సేన్‌లోకి దిగిపోతాయి, పొడవైనవి క్లోరోఫామ్ దాకా ఆగుతాయి. ఆమె బ్యాచ్‌లో హెక్సేన్ ఎంతసేపు తిరిగినా థింబుల్ (పాలిమర్ ఉంచే గొట్టం) నుంచి ముదురు రంగు దిగుతూనే ఉండేదట, దాన్ని ఆమె నోటు పుస్తకంలో రాసి పెట్టుకుంది కూడా. ఆ హెక్సేన్ భాగాన్నీ క్లోరోఫామ్ భాగాన్నీ వేడి డైక్లోరోబెంజీన్‌లో పక్కపక్కన కొలిచాం. రెండు శిఖరాలకూ తేడా చాలా స్వల్పం. పారబోయాల్సిన భాగమూ పనికొచ్చే భాగమూ ఒకే రంగులో ఉన్నాయని చూశాక ఆమె ఇక కోటింగ్ మాట ఎత్తలేదు.

ప్రయత్నించినవి, పని చేయనివి

గొలుసు పొట్టిదని తేలాక ఎవరికైనా మొదట తోచేది చర్యను ఇంకాస్త సాగదీయడం. రాత్రంతా నడిచే చర్యను మూడు రోజుల దాకా నడిపి చూశారు. కరిగే భాగం అణుభారంలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. ఫ్లాస్క్ అంచున కరగని నల్లటి పదార్థం మాత్రం చేరింది. చర్య పూర్తికాకపోవడమే కారణమైతే సమయం పెంచినప్పుడు అణుభారం పెరగాలి. పెరగలేదంటే గొలుసు చివరలు ఇంకా చర్య జరపగల స్థితిలో లేవని అర్థం. ఈ తర్కం అప్పుడే బలంగా పట్టుకుని ఉంటే తరువాతి రెండు ప్రయత్నాలు తప్పేవి, కానీ ల్యాబ్‌లో చేతులు ఊరుకోవు.

రెండో ప్రయత్నం ఉత్ప్రేరకాన్ని రెట్టింపు చేయడం. వాళ్లు వాడుతున్నది పెల్లాడియం రెండో ఆక్సీకరణ స్థితిలో ఉన్న లవణం. అది పనిలోకి దిగాలంటే ముందు సున్నా స్థితికి తగ్గాలి. టిన్ ఉన్న మోనోమర్లు రెండు తమలో తాము కలిసిపోతూ దాన్ని తగ్గిస్తాయి. అంటే ఉత్ప్రేరకం పెంచినకొద్దీ థైనోథయోఫీన్ తనతో తానే జతకట్టి గొలుసులో లోపాలు పెరుగుతాయి, బ్రోమిన్‌కూ టిన్‌కూ మధ్య ఉండాల్సిన సమతూకం కూడా దెబ్బతింటుంది. ఈ బ్యాచ్ మునుపటికన్నా పొట్టిగా వచ్చింది. దీనివల్ల ఒక మేలు జరిగింది: సున్నా స్థితి పెల్లాడియం సమ్మేళనానికీ, ట్రై-ఆర్థో-టోలిల్ ఫాస్ఫీన్‌కూ మారాలని నిర్ణయించుకున్నాం. మామూలు ట్రైఫినైల్ ఫాస్ఫీన్ తన ఫినైల్‌ను గొలుసు చివరకు అంటించి పెరుగుదలను ఆపగలదు. ఆర్థో స్థానంలో మిథైల్ ఉన్న ఫాస్ఫీన్‌తో ఆ బెడద తక్కువ.

మూడోది సుజుకి చర్యకు మారడం. ట్రైమిథైల్ టిన్ సమ్మేళనాలు విషపూరితం, వాటిని వదిలించుకోవాలన్న కోరిక న్యాయమైనదే. కానీ ఇక్కడ రెండు అడ్డంకులున్నాయి. థయోఫీన్ జాతి బోరోనిక్ ఎస్టర్లు నీళ్లూ క్షారమూ ఉన్నచోట బోరాన్‌ను సులువుగా వదిలేసి హైడ్రోజన్ తెచ్చుకుంటాయి. అంతకన్నా ముఖ్యంగా, డీపీపీలోని లాక్టమ్ వలయాన్ని హైడ్రాక్సైడ్ తెరిచేస్తుంది. వాళ్లు బలమైన క్షారంతో చేసిన చర్యలో ఆకుపచ్చ రాకుండానే మిశ్రమం మురికి గోధుమ రంగులోకి తిరిగింది. ఈ కేసు మొత్తంలో రంగు నిజం చెప్పిన సందర్భం ఇదొక్కటే. పొటాషియం ఫాస్ఫేట్‌లాంటి మృదువైన క్షారంతో డీపీపీకి సుజుకి చక్కగా నడుస్తుంది, టీకె బృందం ఫినైల్ పాలిమర్లు చేసిందీ సుజుకి చర్యతోనే; అయినా థైనోథయోఫీన్ జతకు బోరాన్ నష్టం అనే చిక్కు అలాగే ఉంటుంది కాబట్టి మళ్లీ టిన్‌తో నడిచే స్టిల్లే చర్యకే తిరిగొచ్చాం.

గొలుసు చివర ఏముంది

చర్య ఎందుకు ఆగిందో గొలుసు చివరలను అడగాలి. మాల్డీ ద్రవ్యరాశి వర్ణపటం (లేజర్‌తో అణువులను ఎగరగొట్టి వాటి బరువు కొలిచేది) తీయించాం. మాల్డీలో పొట్టి గొలుసులు సులువుగా ఎగురుతాయి, పొడవైనవి ఎగరవు. కాబట్టి సగటు అణుభారానికి దాన్ని నమ్మకూడదు. చివరల గురించి మాత్రం అది చెప్పినంత స్పష్టంగా మరేదీ చెప్పదు. 998 దూరంలో వరసగా శిఖరాలు వచ్చాయి, అది అనుకున్నదే. పునరావృత యూనిట్ల బరువు తీసేయగా మిగిలినది చాలా శిఖరాల్లో 861. అది రెండు వైపులా హైడ్రోజన్ ఉన్న డీపీపీ మోనోమర్ బరువు. అంటే ఆ గొలుసులకు రెండు కొసలా డీపీపీయే ఉంది, ఆ డీపీపీ చివర బ్రోమిన్ ఉండాల్సిన చోట హైడ్రోజన్ ఉంది.

దీనికి రెండు వివరణలు సాధ్యం. చర్య మధ్యలో బ్రోమిన్ ఊడిపోయి హైడ్రోజన్ వచ్చి ఉండవచ్చు, లేదా మొదట వేసిన మోనోమర్‌లోనే ఒకవైపు బ్రోమిన్ లేని అణువులు (రెండువైపులా ఉన్నది డైబ్రోమైడ్, ఒకవైపే ఉన్నది మోనోబ్రోమైడ్) ఉండవచ్చు. మొదటిది నిజమైతే తప్పు ఫ్లాస్క్‌లో ఉంది, రెండోది నిజమైతే తప్పు సీసాలో ఉంది. సీసాను పరీక్షించడం తేలిక.

మోనోమర్ శుద్ధతకు ఆమె దగ్గర ఉన్న ఆధారాలు: టీఎల్‌సీ ప్లేట్ (పదార్థాలను పాకించి విడదీసే పలక) మీద ఒకే ఊదా మచ్చ, శోషణ పటం, "శుద్ధం" అని రాసుకున్న ఎన్‌ఎంఆర్ (అణువులోని హైడ్రోజన్లను వాటి స్థానాన్ని బట్టి వేరువేరు సంకేతాలుగా చూపే పటం). మోనోబ్రోమైడ్‌కూ డైబ్రోమైడ్‌కూ రంగులో తేడా కంటికి ఆనదు, ప్లేట్ మీద రెండూ దాదాపు ఒకే ఎత్తుకు పాకుతాయి. కాబట్టి మొదటి రెండు ఆధారాలూ దేన్నీ నిరూపించవు. ఎన్‌ఎంఆర్‌ను మాత్రం మళ్లీ దగ్గరగా చదివాం. కార్బొనైల్ పక్కకు లాగబడిన ఆ మూడో స్థానపు హైడ్రోజన్ సంకేతం దిగువ క్షేత్రంలో ఒంటరిగా నిలబడుతుంది: బ్రోమిన్ లేని థయోఫీన్‌కు 8.9 పీపీఎం దగ్గర, బ్రోమిన్ ఉన్నదానికి 8.6 దగ్గర. బ్రోమిన్ లేనప్పుడు ఐదో స్థానంలో మిగిలిన హైడ్రోజన్ 7.6 దగ్గర కనిపిస్తుంది. ఆమె పటంలో 8.6 శిఖరం ఆకాశానికి లేచి ఉంది, మిగతాదంతా చదునైన గీతలా ఉంది. నిలువు స్కేలును బాగా పెంచి చూస్తే 7.6 దగ్గర చిన్న గుబురు బయటపడింది.

అది ఎంత? ఇక్కడ మేము వాడే కొలబద్ద కార్బన్-13 ఉపగ్రహ శిఖరాలు. ప్రతి హైడ్రోజన్ సంకేతానికీ రెండు పక్కలా, ప్రధాన శిఖరంలో 0.55 శాతం వైశాల్యంతో ఇవి ఉంటాయి, కార్బన్‌లో 1.1 శాతం కార్బన్-13 ఉండటం ప్రకృతి నియమం కాబట్టి ఈ కొలబద్ద ఎప్పుడూ పటంలోనే ఉంటుంది. 8.6, 8.9 సంకేతాల మొత్తాన్ని 2 అనుకుంటే ఒక్కో ఉపగ్రహం దాదాపు 0.011. మన 7.6 గుబురు దానికి నాలుగైదు రెట్లుంది, అంటే 0.05. మోనోబ్రోమైడ్ 5 మోల్ శాతం.

ఐదు శాతం మలినం అంటే మామూలు సేంద్రియ చర్యలో దిగుబడి ఐదు శాతం తగ్గుతుంది, ఎవరూ పట్టించుకోరు. దశలవారీగా గొలుసు పెరిగే చర్యలో లెక్క వేరు. మోనోబ్రోమైడ్ ఒంటిచేతి అణువు. ఒక పక్క మాత్రమే పట్టుకోగలదు, అది చేరిన చివర అక్కడితో ముగిసిపోతుంది. కరోథర్స్ లెక్క (చర్య ఎంతవరకు పూర్తయిందో బట్టి గొలుసు పొడవు చెప్పే సూత్రం) ప్రకారం టిన్ మోనోమర్, బ్రోమిన్ మోనోమర్ సమాన మోల్‌లు తీసుకుని, బ్రోమిన్ వైపున 5 శాతం మోనోబ్రోమైడ్ ఉంటే, ప్రతి బ్రోమిన్ చర్య జరిపినా సగటు గొలుసులో మోనోమర్లు 40కి మించవు. అంటే 20 పునరావృత యూనిట్లు, 20 వేల అణుభారం; అదే గరిష్ఠ హద్దు. బ్రోమిన్లలో 98 శాతమే చర్య జరిపితే ఆ 40 కాస్తా 22కు పడిపోతుంది, అంటే 11 వేలు. వేడి జీపీసీ చెప్పిన అంకెకు ఇది బాగా దగ్గర. ఫ్లాస్క్‌లో బ్రోమిన్ ఊడిందన్న మొదటి వివరణ అవసరం లేకుండానే మొత్తం లెక్క సరిపోయింది.

తూకంలోనూ ఒక లోపం బయటపడింది. వాళ్లు 0.2 మిల్లీమోల్ స్థాయిలో పనిచేస్తున్నారు. ఆ మోతాదుకు టిన్ మోనోమర్ 93 మిల్లీగ్రాములు మాత్రమే. కాగితం మీద ఒక మిల్లీగ్రాము అంటుకుపోతే సమతూకంలో ఒక శాతం పోయినట్టే. డైబ్రోమైడ్ మైనంలాంటి మెత్తటి ఘనం, అవక్షేపం చేసిన ద్రావకాన్ని లోపల పట్టుకుని వదలదు. తూచిన దానిలో రెండు శాతం హెక్సేన్ ఉంటే ఆ రెండు శాతమూ గొలుసు పొడవు నుంచే పోతుంది.

పనిచేసినది

మోనోబ్రోమైడ్‌ను తరువాత వేరుచేయడం కన్నా అసలు మిగలకుండా చూడటం తేలిక అనుకున్నాం. పొడవాటి శాఖలున్న ఈ డైబ్రోమైడ్ పునఃస్ఫటికీకరణకు లొంగదు; క్లోరోఫామ్ నుంచి మెథనాల్‌లో అవక్షేపం చేస్తే మోనో కూడా దానితోపాటే పడిపోతుంది. అందువల్ల బ్రోమినేషన్ దశనే సరిదిద్దాం. ఎన్-బ్రోమోసక్సినిమైడ్ పాత సీసాలో పసుపు తిరిగి ఉంది, దాన్ని వేడినీటి నుంచి స్ఫటికీకరించి ఆరబెట్టి వాడాం. మొదటే ఎక్కువ వేసేస్తే థయోఫీన్ మీద అక్కర్లేని చోట కూడా బ్రోమిన్ చేరే ప్రమాదం ఉంది, లెక్క ప్రకారం సరిగ్గా వేస్తే మోనో మిగులుతుంది. మధ్యేమార్గంగా, చీకట్లో, చల్లగా, లెక్కకు సరిపడా వేసి, కాసేపటికి కొద్దిగా తీసి ఎన్‌ఎంఆర్ చూసి, 7.6 దగ్గర ఇంకా ఏమైనా ఉంటే చిటికెడు చొప్పున వేస్తూ పోయాం. ఆ గుబురు ఉపగ్రహ శిఖరం కన్నా కిందికి దిగాక ఆపి, తక్కువ ధ్రువత ఉన్న ద్రావకంతో నెమ్మదైన కాలమ్ నడిపాం. ఆల్కైలేషన్‌లో నైట్రోజన్‌కు బదులు ఆక్సిజన్ మీద గుంపు తగిలిన ఐసోమర్ ఆనవాళ్లు ఏమైనా ఉంటే అవి కూడా ఈ కాలమ్‌లోనే పోయాయి. తరువాత శూన్యంలో బరువు నిలకడ పడేదాకా ఆరబెట్టాం.

టిన్ మోనోమర్‌ను వాళ్లు సిలికా కాలమ్ మీద శుద్ధి చేస్తున్నారు. సిలికా ఆమ్లత్వానికి టిన్ ఊడి హైడ్రోజన్ వస్తుంది. శుద్ధి పేరుతో అటువైపు కూడా ఒంటిచేతి అణువులను తయారుచేస్తున్నట్టే. దాన్ని మానేసి స్ఫటికీకరణే చేయించాం, తెల్లటి స్ఫటికాలు చక్కగా వస్తాయి. మోతాదును 0.5 మిల్లీమోల్‌కు పెంచి తూకం దోషాన్ని తగ్గించాం.

తరువాతి చర్య మమ్మల్ని ఇంకో వైపు తోసింది. రాత్రంతా నడవాల్సిన మిశ్రమం మధ్యాహ్నానికే చిక్కబడి, అయస్కాంతపు ముక్క తిరగడం ఆగిపోయింది. వచ్చిన పాలిమర్ వేడి డైక్లోరోబెంజీన్‌లో కూడా పూర్తిగా కరగలేదు. మోనోమర్లు శుద్ధమైతే గొలుసుకు ఆగే కారణం ఉండదు. ఒక శాతం లోపు మోనో ఉన్నప్పుడు లెక్క ప్రకారం హద్దు వంద యూనిట్లు దాటుతుంది, ఇంత చదునైన గొలుసు అంత పొడవైతే వడపోతకు కూడా లొంగదు. పరిశోధకురాలికి ఇది విజయంగా కనిపించింది, పరికరాల బృందానికి మాత్రం కరగని పదార్థంతో పని లేదు.

గొలుసును ఆపాలి, కానీ మనం చెప్పిన చోట ఆపాలి. సమయం చూసి చర్యను మధ్యలో ఆపడం ఒక దారి. చివర్లో అణుభారం నిమిషాల్లో మారిపోతుంది కాబట్టి బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ తేడా వస్తుంది, వాళ్ల అసలు ఫిర్యాదే అది. సమతూకాన్ని కావాలని కొంచెం చెడగొట్టడం మరో దారి. అందులో చర్య పూర్తయ్యాక కూడా గొలుసు చివరల్లో టిన్ మిగిలిపోతుంది. మేము ఎంచుకున్నది విడిగా శుద్ధిచేసిన మోనోబ్రోమైడ్‌ను తూచి 2 మోల్ శాతం కలపడం, డైబ్రోమైడ్‌ను అంత మేరకు తగ్గించడం. లెక్క ప్రకారం హద్దు మోనోమర్లలో 100, అంటే 50 యూనిట్లు, 50 వేలు. చర్య చివర్లో 2-బ్రోమోథయోఫీన్ వేసి మిగిలిన టిన్ చివరలను మూసేశాం. కాలమ్‌లో అంత కష్టపడి తీసేసిన అణువునే మళ్లీ తూచి వేయడం ఆమెకు మొదట మింగుడుపడలేదు. "తీసెయ్యమన్నదీ మీరే, వెయ్యమంటున్నదీ మీరే సార్" అంది. మోనో ఫ్లాస్క్‌లో ఎంతుందో తెలియకపోవడమే గొడవ అని, తెలిసినప్పుడు అది మలినం కాదు, రియేజెంట్ అని చెప్పాను.

వేడి జీపీసీలో అణుభారం నలభై వేల పైచిలుకు వచ్చింది. సాక్స్‌లెట్‌లో హెక్సేన్ కాసేపటికే లేతబడింది, పాలిమర్ దాదాపు అంతా క్లోరోఫామ్‌లోకి దిగింది. పొర పగలలేదు. శోషణ శిఖరం మొదటి బ్యాచ్ శిఖరానికి కొద్ది నానోమీటర్ల దూరంలోనే ఉంది, రెండు సీసాలూ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. పరికరాల బృందం చెప్పిన ప్రకారం చలనశీలత బాగా మెరుగుపడింది, అన్నిటికన్నా వాళ్లకు నచ్చింది తరువాతి బ్యాచ్ కూడా అలాగే ప్రవర్తించడం.

ఇతరులకు పనికొచ్చేవి

డీపీపీ పాలిమర్ అణుభారాన్ని చల్లటి క్లోరోఫామ్‌లో కొలిచి రాయడం ఇప్పటికీ మామూలే. వేడి జీపీసీ అందుబాటులో లేనివాళ్లు కనీసం క్యూవెట్ వేడిచేసి కట్టలున్నాయో లేదో చూడాలి. కట్టలుంటే జీపీసీ అంకెను పోల్చడానికి కూడా వాడకూడదన్నది నా అభిప్రాయం. ఎందుకంటే పొట్టి గొలుసులు కూడా కట్టకట్టి పెద్దగా కనిపించగలవు.

మోనోమర్ శుద్ధతను పటం మామూలు స్కేల్లో చూసి తేల్చకూడదు. ఉపగ్రహ శిఖరాలు కనిపించేంత ఎత్తుకు పెంచి, అనుమానపు సంకేతాన్ని వాటితో పోల్చాలి. దానికి సరిపడా స్కాన్లు తీయాలి, రిలాక్సేషన్ విరామం తగినంత ఇవ్వాలి. లేకపోతే వైశాల్యాలు నమ్మదగినవి కావు. సీసా మీద "శుద్ధం" అని రాసే బదులు మోనో శాతాన్ని రాయడం ఆ ల్యాబ్‌లో ఇప్పుడు పద్ధతి అయింది. చర్య మొదలుపెట్టేముందు ఆ శాతంతో కరోథర్స్ హద్దును లెక్కవేసి నోటు పుస్తకం మొదటి పేజీలో రాస్తారు. వచ్చిన అణుభారం ఆ హద్దుకు బాగా కిందుంటే తప్పు చర్యలో ఉంది, హద్దు దగ్గరే ఉంటే తప్పు మోనోమర్‌లో ఉంది. ఏ దశను తిరిగి చేయాలో తేల్చడానికి ఈ ఒక్క పోలిక చాలా సమయం మిగులుస్తుంది.

ఇంకా తేలనిది ఒకటుంది. కొత్త బ్యాచ్‌లలో కూడా శోషణ పటం దీర్ఘ తరంగదైర్ఘ్యం వైపు తోక కొద్దిగా సాగుతోంది. అది రెండు డీపీపీలు నేరుగా ఒకదాని పక్కన ఒకటి చేరిన లోపం వల్లనా, లేక పొడవాటి గొలుసులు ఇంకా గట్టిగా కట్టకట్టడం వల్లనా అన్నది వేడి ద్రావణంలో పటం తీసినా స్పష్టంగా విడిపోలేదు. రెండు డీపీపీలు నేరుగా కలిసిన నమూనా అణువును విడిగా తయారుచేసి దాని శిఖరంతో పోల్చే పని ఆమె మొదలుపెట్టింది.